బొటనవేలి గోరు

నంద్యాల,
14 జూలై 2024

లూదీ,

ఆస్పత్రి నంబరు నుంచి చేస్తే నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. నా నంబరు నుంచి చేసినా ఎత్తడం లేదు. తప్పు పట్టడానికి రాయడం లేదు. నీ చోట నేనున్నా ఎత్తేదాన్ని కాదు. ఫోన్లో అయితే అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. ఉత్తరాన్ని ఉప్పు డబ్బా కింద పెట్టుకొని నాలుగు రోజులు ఆగొచ్చు. అందుకే అనంతపురం హాస్టల్ రోజుల్లో సెలవులకు ఊరికి పోయినప్పుడు రాసుకున్నట్టే రాస్తున్నాను. సగం నీ స్నేహితురాలిగా, సగం మీ అక్క ఉన్న వార్డు సోషల్ వర్కర్‌గా. ఏ సగం ఎక్కడ ఆగుతుందో నాకే సరిగ్గా తెలియదు.

మే నెలలో నువ్వు చేర్పించి పోయినప్పటికంటే ఆదెమ్మక్క మేలు. నిద్ర పోతోంది, పెట్టింది తింటోంది. మాట మాత్రం లేదు. మొండితనం ఒక్కటే ఒక్కటి. శనివారం శనివారం కమలాక్షమ్మ సిస్టర్ వార్డులో అందరికీ గోళ్ళు తీస్తుంది. అక్క తొమ్మిది వేళ్ళు చాపుతుంది. కుడి బొటనవేలిని పిడికిట్లో దాచేస్తుంది. "ఆ ఒక్క గోరు బంగారంతో చేసినారా ఏంది ఆదెమ్మా?" అని సిస్టర్ ఎంత అన్నా పిడికిలి విప్పదు.

ఇంకో సంగతి. ఆడవాళ్ళ వార్డు వెనక విరిగిన మంచాలు పడేసే జాగా ఉండేది కదా, దాన్ని బాగు చేయించి తోట మొదలుపెట్టాము. మట్టిలో పని చేస్తే మనసు కుదుటపడుతుందని నేను చదువుకున్నదాన్ని. డాక్టరుకు నెల రోజులు నచ్చజెప్పి ఒప్పించాను. ఆయన ఒప్పుకున్న రోజు నుంచీ నాకు అనుమానం పట్టుకుంది, ఇది వాళ్ళ కోసమా, నేనేదో చేస్తున్నానని అనిపించుకోవడానికా అని. తోటమాలి యూసుఫ్ చాచాకు అట్లాంటి సందేహాలు లేవు. బెండ విత్తనాలు తెచ్చి పోసినాడు. మూడో రోజు అక్క తనంతట తనే వచ్చి జానతో కొలిచి, వేలితో గుంట తీసి, వరుసంతా విత్తింది. చాచా, నేనూ నోరు తెరుచుకొని చూశాము.

అందుకే అడుగుతున్నా. అక్క ముందు ఏం పని చేసేది? ఫారంలో నువ్వు "గృహిణి" అని రాశావు. అంతేనా?

నవంబరు నెలాఖరుకు ఆరు నెలలు నిండుతాయి. అప్పుడు ఆమెను ఇంటికైనా తీసుకుపోవాలి, లేదా నాలుగు జిల్లాల అవతల, ఎప్పటికీ ఉంచుకునే ఆశ్రమానికైనా పంపాలి. అక్కడికి పోయి తిరిగొచ్చినవాళ్ళను నేను చూడలేదు. తొందరేం లేదు, ఇంకా వ్యవధి ఉంది.

నీ
తహసీన్

•

ఆళ్ళగడ్డ,
28 జూలై

తహసీన్‌కు వందనాలు.

ఉత్తరం అందింది. అక్క గురించి ఫారంలో రాసిందే. బావ పోయేదాకా వాళ్ళింట్లో, పోయినాక మా ఇంట్లో. పిల్లలు లేరు. వంట, ఇల్లు, ఆదివారం ఆరాధన. వేరే ఇష్టాలంటూ ఏమీ లేవు.

నీకు ఒకటి అర్థం కావాలి. ఇంట్లో ఉన్నన్నాళ్ళు పగలంతా గడపలో కూర్చునేది. సాయంత్రం నాలుగైతే చాలు, లేచి నడిచి పోయేది. చెప్పులు కూడా వేసుకోదు. నేను బడి నుంచి వచ్చేసరికి మనిషి ఉండదు. మా ఆయనది నందికొట్కూరులో ఉద్యోగం, శనివారం గాని రాడు. వీధి వీధి తిరిగి వెతికేది నేనొక్కదాన్నే. ఏప్రిల్లో అయితే మూడు రోజులు దొరకలేదు. చాగలమర్రి రోడ్డు పక్కన దొరికింది, పెదాలు పగిలిపోయి. ఆ మూడు రోజులు నేను ఎట్లా బతికినానో నీకు రాయలేను.

నీ తోట మంచిదే. తోట పెంచితే మనిషి మాట్లాడుతుందా, నాలుగింటికి కాళ్ళు ఆగుతాయా అన్నదే నాకు కావాల్సింది.

ఆశ్రమం కాగితాలు పంపు.

లూదియా

•

నంద్యాల,
25 ఆగస్టు

లూదీ,

కాగితాలు ఈ కవర్లోనే ఉన్నాయి. ఒకటే ఫారం, మూడు కాపీలు, తెల్లది ఆశ్రమానికి, పసుపుది మాకు, గులాబీది నీకు. మూడింటిమీదా సంతకం కావాలి. పంపమన్నావని పంపుతున్నా. పంపకుండా ఉండే హక్కు నాకు లేదు. ఉంటే బాగుండునని అనుకోవడం మాత్రం మానలేకపోయాను.

బెండ పూసింది లూదీ! లేత పసుపు రేకులు, గొంతులో ముదురు ఎరుపు. సాయంత్రం నాలుగైతే అక్క తోటలోకి పోతోంది. నువ్వు రాసిన అదే నాలుగు గంటలు. ఆరు దాకా చెట్ల మధ్యే. ఆ కాళ్ళు ఆగేదానికి ఒక చోటు దొరికిందని నాకు నేను చెప్పుకుంటున్నాను.

తగువులూ ఉన్నాయి. ఓపీ చీటీల పుస్తకంలో గులాబీ కాగితాలు మాయమవుతున్నాయి. దొంగ మీ అక్కే. చిన్న చిన్న ముక్కలు చేసి కొంగున మూట కట్టుకుంటోంది, తోటలో కూడా చల్లుతోంది. "మేడం, మీ తోట పేషెంటు నా పుస్తకం మేస్తాండాది. గడ్డి గూడా నేనే తెచ్చిపెట్టాల్నా?" అని కమలాక్షమ్మ నామీద పడింది. చింపనివ్వండి అన్నాను. కాగితాలు చింపడం మా వార్డులో కొత్త కాదు.

చాచా దిగులు వేరు. మొగ్గలైతే వస్తున్నాయి, కాయ నిలవడం లేదు. ఎక్కడివక్కడ రాలిపోతున్నాయి. కుళాయి పక్కన చివరి వరుసలో నాలుగు చెట్లు మాత్రం విరగకాస్తున్నాయి. "ఒకే విత్తనం, ఒకే నీళ్ళు, ఏమొచ్చిందో అల్లాకే తెలియాల" అంటున్నాడు. వేపనూనె కొట్టించాము.

నువ్వొకసారి రారాదా? ఆదివారం కాకపోతే రెండో శనివారం.

తహసీన్

•

నంద్యాల,
12 సెప్టెంబరు

లూదీ,

ఇక్కడ వానలు. తోట పని కొన్నాళ్ళు ఆపాము. అక్క బాగానే ఉంది. తిండి కొంచెం తగ్గింది. తీరిక చూసుకొని మళ్ళీ రాస్తాను.

తహసీన్

•

ఆళ్ళగడ్డ,
22 సెప్టెంబరు

తహసీనూ,

హాస్టల్లో నా కొత్త చీర ఇస్త్రీ పెట్టెతో కాల్చినప్పుడు కూడా నువ్వు ఇట్లాగే నాలుగు ముక్కల చీటీ రాసి నా దిండు కింద పెట్టినావు. "చీర బాగానే ఉంది, కొంచెం పొట్టి అయింది" అని. గుర్తుందా? నువ్వు కురచగా రాస్తే ఏదో కాలినట్టే.

ఆళ్ళగడ్డలో పది రోజులుగా చుక్క వాన లేదు. ఇంత దగ్గరి ఊళ్ళో మీకొక్కరికే కురుస్తోందా?

కాగితాలు బీరువాలో పెట్టినాను. పెన్ను తీసుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తొస్తోంది. సంతకం పెట్టేముందు నాకు నిజం తెలియాల. ఏం జరిగింది?

లూదియా

•

నంద్యాల,
26 సెప్టెంబరు

లూదీ,

వాన అబద్ధం.

ఈ నెల పదో తేదీన సాయంత్రం చాచా నన్ను కేకేసి పిలిచినాడు. "సూడు బేటీ, పురుగు కాదు, చీడ కాదు. మనిషి!" అన్నాడు. అక్క బెండ మొగ్గలు గిల్లుతోంది. ఒకటీ రెండూ కాదు, ఆ రోజు విచ్చబోయే మొగ్గలన్నీ. కాయ నిలవనిది అందుకేనని అప్పుడు తెలిసింది. తక్కినవాళ్ళు నీళ్ళు పోసి పెంచుకున్న చెట్లవి. వాళ్ళలో ఒకామె ఏడ్చింది. కమలాక్షమ్మ "ఇంక చాలించు ఆదెమ్మా" అని చేయి పట్టుకుంది. నేనే అన్నాను, కొన్నాళ్ళు తోటలోకి పంపొద్దని. ఎవరూ నాతో బలవంతంగా అనిపించలేదు, నేనే అన్నాను.

పదహారు రోజులయింది. నాలుగైతే వచ్చి ఇనుప కటకటాలు పట్టుకొని నిలబడుతుంది. చీకటి పడ్డాక మంచం మీదికి పోతుంది. అన్నం రెండు ముద్దలకు మించడం లేదు. నాలుగు కిలోలు తగ్గింది. నీకు చెబితే సంతకం పెట్టేస్తావేమోనని వాన కురిపించాను. అది నీ మంచికా, నా తోట పరువు కోసమా?

ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. ఆ రోజు ఆమెను ఆపేముందు నిమిషంసేపు ఊరికే చూశాను. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య మొగ్గను పట్టుకుంది. కుడి బొటనవేలి గోరుతో, సిస్టరుకు ఇవ్వని ఆ గోరుతోనే, మొగ్గ మొదలు చుట్టూ ఒక గీత గీసింది. మెల్లగా తిప్పింది. రేకులూ లోపలి పుప్పొడి గొట్టమూ కలిసి టోపీలా ఊడి వచ్చాయి. మధ్యలో సన్నని కాడ ఒక్కటి, గీటు కూడా పడకుండా నిలబడింది. కొంగులోంచి గులాబీ కాగితం ముక్క తీసి దానికి తొడిగింది. ఇంకో మొగ్గకు పోయింది. కుళాయి పక్కన ఆ నాలుగు చెట్ల దగ్గరికి వచ్చి, ముట్టకుండా తిరిగి వెళ్ళింది.

చెరపాలనుకున్న చేతులు అంత జాగ్రత్తగా ఉంటాయా లూదీ? నాకు తెలియనిదేదో నా కళ్ళ ముందే జరిగింది. నీకు తెలిస్తే చెప్పు.

తహసీన్

•

ఆళ్ళగడ్డ,
29 సెప్టెంబరు

తహసీనూ,

నీ ఉత్తరం చదివి, ఆరాధనకు పోయి, పాట నోటికి రాక తిరిగొచ్చి రాస్తున్నాను.

మా అక్క గృహిణి కాదు. విత్తనాల పత్తిచేలలో పన్నెండేళ్ళు క్రాసింగ్ పని చేసింది.

నీకు ఆ పని తెలియదు కాబట్టి చెబుతా. పత్తిపువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. రెండు రకాలను కలిపి కొత్త విత్తనం చేయాలంటే, రేపు విచ్చబోయే మొగ్గల్లోంచి ఈ రోజు సాయంత్రమే మగభాగం తీసేయాల. దానికి కత్తి పనికిరాదు, గోరే. అందుకే ఒక్క గోరు పెంచుకుంటారు. తీసిన మొగ్గకు ఎర్ర కాగితం తొడుగుతారు, పొద్దున్నే కంటికి ఆనేందుకు. మర్నాడు ఎనిమిదింటికి పోయి, ముట్టకుండా వదిలిన మగ వరుసలో పూలు కోసి, ఆ పుప్పొడి ఈ కాడలకు రుద్దాల. అప్పుడే కాయ. బెండ పువ్వూ పత్తి పువ్వూ అక్కాచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి కదా.

సగం పని సాయంత్రం, సగం పని పొద్దున. పొద్దున పని జరగకపోతే పువ్వు రాలిపోతుంది. మీ వార్డు తాళం ఎన్నింటికి తీస్తారు తహసీనూ? పదింటికి కదూ, డాక్టరు వచ్చి పోయినాక. మీరు ఆమెను సగం పనికి వదిలి, మిగతా సగానికి తాళం వేసినారు. మీ తప్పు కాదు. ఫారంలో రాసింది నేను.

ఎందుకు రాయలేదంటే. నాయన పోయినప్పుడు నేను తొమ్మిదో తరగతి. అక్క ఆ గోరు మీదనే నన్ను ఎమ్మే దాకా చదివించింది. ఆమె హాస్టలుకు వచ్చినప్పుడు నువ్వు ఆ గోరు చూసి "గోరింటాకు పెట్టుకున్నావా అక్కా, నల్లగా పండింది" అన్నావు. పసరు మరక అది. అక్క చెప్పబోతే నేను అడ్డం పడి, సినిమా సంగతి ఎత్తినాను. మా అక్క ఇంటిపట్టున ఉంటుందని అప్పటికే మీ అందరికీ చెప్పి ఉంటిని. అక్క నా మొహం చూసి చేయి కొంగులో పెట్టుకుంది. తర్వాత ఎప్పుడూ మన హాస్టలుకు రాలేదు. ఇరవై మూడేళ్ళ తర్వాత ఆస్పత్రి ఫారం ముందు కూడా నా చేయి ఆ అబద్ధమే రాసింది.

చాగలమర్రి రోడ్డు పక్కన దొరికిందని రాసినాను కదా. ఆ రోడ్డు పక్కన ఉన్నది ఆమె పని చేసిన చేను. ఇప్పుడు ఇళ్ళ స్థలాలు చేసి, తెల్లరాళ్ళు పాతినారు. రాళ్ళ మధ్య కూర్చొని ఉంది. నాలుగైతే ఆమె యాడికి పోతుందో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

నువ్వు దాచింది పదహారు రోజులు. నన్ను చూడు.

లూదియా

•

నంద్యాల,
20 అక్టోబరు

లూదీ,

నీ ఉత్తరం కమలాక్షమ్మకు నేనే చదివి వినిపించాను, నీ హాస్టల్ సంగతి వదిలేసి. మొదట ఎగిరిపడింది. "ఎనిమిదింటికి తాళం తీస్తే టిఫిన్ ఎవరు పెడతారు, మాత్రలు ఎవరు మింగిస్తారు? మీ బెండచెట్లా?" అంది. రెండు రోజులు నన్ను చూస్తే మొహం తిప్పుకొని పోయింది. మూడో రోజు పొద్దున ఏడున్నరకే ఆదెమ్మక్క టిఫిను, మాత్రలు అయిపోయి ఉన్నాయి. తాళం చేత్తో పట్టుకొని "రా ఆదెమ్మా, డూటీకి లేటయితాంది" అంటోంది.

అక్కను మళ్ళీ తోటలోకి వదిలాను. ముందు రోజు సాయంత్రం పదకొండు మొగ్గలకు కాగితాలు తొడిగింది. పొద్దున తోటలోకి రాగానే వాటి ముందు నిలబడిపోయింది. ఇంతకాలం కనిపించని పొద్దుటి పూలు. నేనేదో సాయం చేద్దామని దగ్గర్లో విచ్చిన పువ్వొకటి తుంచి ఇచ్చాను.

"అది కాదు. మగపూలు యాడ?"

లూదీ, ఎవరో వెనకనుంచి అన్నారనుకున్నాను. గొంతు తుప్పు పట్టిన గొళ్ళెంలా ఉంది. చాచా తేరుకొని కుళాయి పక్కన వరుస చూపించినాడు. "ఆ, అవే. బేగా తే. ఎండెక్కితే పొడి పనికిరాదు" అంది. యాభై ఏళ్ళుగా తోట పని చేస్తున్న మనిషి పరుగెత్తినాడు. పదకొండిట్లో ఏడు నిలిచాయి. "నేను పేషెంటు అనుకుంటి. కాదంట, ఇంజినీరంట" అని చాచా ఇప్పుడు వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. తక్కినవాళ్ళ కోసం రెండు వరుసలు వదిలి, అక్కకు వేరుగా మూడు వరుసలిచ్చాము. ఏడ్చినామె ఇప్పుడు కాగితాలు చింపి ఇస్తోంది. కమలాక్షమ్మ పాత చీటీల పుస్తకాలు తెచ్చి పడేసింది. శనివారం తొమ్మిది గోళ్ళే తీస్తోంది.

ఎక్కువ చెప్పానేమోనని భయంగా ఉంది. అక్క మాటలు తోట వరకే. గడప దాటి వార్డులోకి వచ్చిందంటే మళ్ళీ ఏమీ లేదు. కొన్ని రోజులు తోటలోనూ లేదు. "మందులు కూడా పని చేస్తాయమ్మా" అని డాక్టరు నవ్వినాడు. నిజమే. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పేంత చదువు నాకు లేదు. మీ ఇంటికి వస్తే నాలుగింటికి నడిచి పోదని కాగితం మీద రాసివ్వలేను. నాలుగింటికి పోవడానికి ఆమెకు ఒక చోటు ఉంటే బాగుంటుందని మాత్రం అనగలను.

అక్కను ఎక్కడికి పంపాలో తేల్చే మీటింగు నవంబరు ఇరవై ఆరున. నిర్ణయం నీది. నేను ఏమీ అనను.

తహసీన్

•

ఆళ్ళగడ్డ,
11 నవంబరు

తహసీనూ,

నిన్న నువ్వు సెలవులో ఉన్నావని తెలిసే వచ్చినాను. నీ ముందు ఏడవడం ఇష్టం లేక. ఆశ్రమం కాగితాలు బ్యాగులోనే ఉన్నాయి. ఆమెను చూసి, చేతకాదనిపిస్తే అక్కడే సంతకం పెట్టి సిస్టరు చేతికిచ్చి పోదామని. నీకు దాచేదేముంది ఇంక.

ఎనిమిదింటికి కమలాక్షమ్మ నన్ను వార్డు వెనక తోటలోకి పంపించింది. అక్క వంగి ఉంది. నేను పోయి పక్కన నిలబడితే, తల తిప్పి పైనుంచి కిందికి చూసి,

"ఆదివారం పూట చర్చికి పోక ఈడికొచ్చినావేంది?" అంది.

ఏడాది తర్వాత మా అక్క నాతో అన్న మొదటి మాట అది. తిట్టు. "ఈ పొద్దుకు దేవుడు ఏమనుకోడులే అక్కా" అన్నాను. నా చేతిలో ఒక మగపువ్వు పెట్టింది. నేను రుద్దబోతే మణికట్టు పట్టుకొని ఆపింది. "అంత గట్టిగా కాదు. కంటికి కాటుక పెట్టినట్టు." ఎన్ని మాటలో నాకు లెక్క తెలియలేదు. ఆ పని మీద అన్నాళ్ళు తిన్నాను కదా, ఒక్కసారి కూడా చేసినదాన్ని కాదని ఆమెకు గుర్తుంది.

సాయంత్రం దాకా ఉన్నాను. వార్డులో నోరు విప్పలేదు, నువ్వు చెప్పినట్టే. నా పక్కన కూర్చొని గోడ చూసింది. ఒకసారి నన్ను ఎవరో అన్నట్టు చూసింది. అప్పుడు బ్యాగు జిప్పు మీద చేయి వేసినాను కూడా.

నాలుగైంది. లేచింది. నేనూ లేచినాను. ఇన్నాళ్ళూ ఆ నాలుగింటి వెనక పరుగెత్తినాను గాని, పక్కన నడవలేదు. మొగ్గలు పదమూడు. కొంగులో కాగితాలు తొమ్మిదికే వచ్చినాయి. ఆదివారం కదా, ఓపీకి తాళం. అక్క చుట్టూ చూసి నా బ్యాగు వైపు చూసింది.

"కాగితముందా?"

ఫారం తీసినాను. మూడు కాపీలూ ఆమె ముందు పట్టుకున్నాను. గులాబీది లాక్కుంది. చింపబోయి ఆగి, దాని మీది అచ్చు అక్షరాలు చూసి,

"పనికొచ్చేదా?" అంది.

"కాదక్కా" అన్నాను.

నాలుగు ముక్కలు చేసింది. మిగిలింది మడిచి రేపటికని కొంగున కట్టుకుంది.

మా ఇంటి వెనక బాత్రూము నీళ్ళు పారే జాగా ఉంది, ఎనిమిది వరుసలు పడతాయి. ఒక వరుస ముట్టకుండా వదలాలని నాకు తెలుసు. పొద్దున ఎనిమిదింటికి నేను ఇంట్లోనే ఉంటాను. మా హెడ్మాస్టరును అడిగి ఆఖరి పీరియడ్ వదిలించుకుంటే నాలుగుకు ముందే వస్తాను. ఒకరోజు బస్సు లేటయితే, బెండ అయిపోయి వేసవి వస్తే, మళ్ళీ ఆ రాళ్ళ మధ్యకు పోతే ఏం చేస్తానో తెలియదు. తెలియకుండానే తీసుకుపోతాను. మందులు ఏవి, ఎప్పుడు అన్నది పెద్ద అక్షరాలతో రాసి ఉంచు. ఇరవై ఆరున వస్తాను. చాచాను ఆ ఏడు కాయలూ చెట్టుమీదే ఎండనివ్వమను, విత్తనానికి.

ఇంకొకటి. మే నెలలో నేను రాసిన ఫారంలో అక్క వృత్తి అన్నచోట దిద్దే వీలుంటే దిద్దించు. నేను సంతకం చేస్తాను.

తెల్ల కాపీ, పసుపు కాపీ ఈ కవర్లో పెడుతున్నాను, ఖాళీగానే. గులాబీది ఏదని మీటింగులో ఎవరన్నా అడిగితే బెండచెట్ల మీద ఉందని చెప్పు.

నీ
లూదీ